గోదారి మీద నూటపదిహేడో బస

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఈ కథలో పాలిటెక్నిక్ చదివిన ఒక అమ్మాయి గవర్నమెంటు ఫారంలో ఒక అంకె వేసి, అది దేని లెక్కో పక్కన రాయడం మర్చిపోతుంది. డిప్లొమాలో మేస్టర్లు నేర్పిన మొట్టమొదటి సంగతే అది. అంకె పక్కన కొలత లేకపోతే సున్నా మార్కులు. ఆ మర్చిపోయిన అమ్మాయి నేను కాదని చెప్పాలని చాలా ఉంది. చెప్పలేను కాబట్టి ఆమెకి లోవలక్ష్మి అని పేరు పెట్టి, నాలుగడుగుల దూరంలో నిలబడి చెబుతాను. కాస్త సిగ్గు తగ్గుతుంది.

డెబ్బై తొమ్మిదిలో, గోదావరి పుష్కరాలు ఇంకా నెలన్నర ఉన్నాయనగా, రాజమండ్రి వీధుల్లో ఒక రిక్షా మైకు కట్టుకుని తిరిగింది. యాత్రికులకి చోటు అద్దెకిచ్చేవాళ్ళు, ఒక్క రోజుకిచ్చినా పన్నెండు రోజులకిచ్చినా సరే, పుష్కరాల బసల ఆఫీసులో నమోదు చేయించుకోవాలట. ఆఫీసరు వచ్చి చూసి, బాగుందంటే రేకు మీద నంబరు రాసిస్తారట. నంబరు లేని చోట ఎవరినైనా దింపితే కేసు పెడతారట.

అంతే, ఘాట్ల చుట్టుపక్కల వీధుల్లో అందరికీ తమ ఇళ్ళ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. పదేళ్ళుగా సున్నం ఎరగని గోడలకి సున్నం పడింది. పిడకలు పెట్టుకునే గదులు గాలీ వెలుతురూ గల గదులైపోయాయి.

లోవలక్ష్మి వాళ్ళకి ఘాటు దగ్గర ఇల్లు లేదు. పడవ ఉంది.

మామూలు పడవ కాదు. వాళ్ళ తాత చేయించిన టేకు పడవ. పైన చాపలూ తాటాకులూ వేసిన కప్పు, కింద నున్నటి చెక్క నేల, నడుమ తెరచాప కట్టే స్తంభం. మండపేట మిల్లుల్లో బియ్యం ఎక్కించుకుని కాలవల మీదుగా గోదావరిలోకి వచ్చేది. లోవలక్ష్మి తండ్రి పల్లంరాజు దానికి సరంగు, అంటే ఆ పడవ మీద ఆయన మాటే మాట. తర్వాత గోదావరి మీద కొత్త వంతెన లేచింది, లారీలొచ్చాయి. మిల్లుల వాళ్ళు ఒక్కొక్కరే పడవని మర్చిపోయారు. మూడేళ్ళుగా అది రేవులో కట్టేసే ఉంది. పల్లంరాజు ఇంకొకళ్ళ ఇసుక పడవలో కూలికి వెళ్తున్నాడు. ఇసుక పడవలో ఆయన మాట ఎవరూ వినరు, ఆయన కూడా మాట్లాడ్డం మానేశాడు.

టింబరు డిపో షావుకారు వెంకటరత్నం గారు రెండుసార్లు వచ్చి పడవని తట్టి చూసి వెళ్ళారు. మూడోసారి వచ్చినప్పుడు పల్లంరాజు తల ఊపేశాడు. ఈ నెలాఖరుకి పడవ విప్పేసి చెక్కలు డిపోకి తోలుకోవచ్చని.

ఆ సాయంత్రమే మైకు రిక్షా రేవు పక్కనుంచి వెళ్ళింది. లోవలక్ష్మి తల్లి రత్తమ్మ పడవ మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపి, మొత్తం విని, కూతురి వైపు తిరిగింది.

"ఏమే, ఆ కాయితం ఎక్కడిస్తారంట?"

"మనకెందుకమ్మా? అది ఇళ్ళకి."

"ఇళ్ళకని అన్నాడా? బస ఇచ్చేవాళ్ళు అన్నాడు. నేను విన్లేదనుకున్నావా?"

లోవలక్ష్మికి ఆ మాట నచ్చింది. మర్నాడు ఫారం తెచ్చి ఒకటికి రెండుసార్లు చదివింది. నిజమే. బస భూమ్మీదే ఉండాలని అందులో ఎక్కడా లేదు.

రాత్రి అన్నం దగ్గర రత్తమ్మ మొగుడితో విషయం కదిపింది.

"నంబరొస్తే పడవ ఉంచుతారా?"

పల్లంరాజు ముద్ద కలుపుకున్నాడు.

"ఇచ్చినప్పుడు చూద్దాంలే."

"చూద్దాం కాదు. ఉంచుతారా, ఉంచరా?"

"గవర్నమెంటోడు దీనికి నంబరిస్తే ఉంచుతాను. ఇవ్వకపోతే షావుకారు గారి మనుషులొచ్చి విప్పుకుపోతారు. ఇంక ఆ సంగతి ఎత్తకు."

మాట తీసుకున్నాక రత్తమ్మ ఇంక ఆగలేదు. లాంతరు పక్కన కూతుర్ని కూర్చోబెట్టి ఫారం నింపించింది. బస పేరు అన్నచోట, కోరుకొండ స్వామి పేరే పడవకి పెట్టారు కాబట్టి, శ్రీ లక్ష్మీనరసింహ అని రాసింది లోవలక్ష్మి. డోరు నంబరు అన్నచోట కాస్త ఆలోచించి, కాలవల డిపార్ట్‌మెంటు వాళ్ళు ఎప్పుడో పడవకిచ్చిన నంబరు వేసింది. అదీ సర్కారు నంబరే కదా. నిర్మించిన సంవత్సరం, తాత చెప్పిన లెక్క ప్రకారం, ముప్పై ఎనిమిది. నీటి వసతి దగ్గర గోదావరి అని రాస్తుంటే నవ్వొచ్చింది.

"సామర్థ్యం ఎంత అని అడుగుతున్నాడమ్మా."

"మూడొందలు," అంది రత్తమ్మ, తడుముకోకుండా.

లోవలక్ష్మి మూడు రాసి, రెండు సున్నాలు చుట్టింది. పుట్టినప్పటినుంచీ ఆ పడవ మూడొందల పడవే. వాళ్ళ చిన్నాన్నది నూటయాభై పడవ. పడవ పేరెత్తితే ఎవరైనా మొదట అడిగేది ఆ అంకే. ఊపిరి పీల్చేటప్పుడు గాలి అని చెప్పుకుంటామా? బస్తాలు అని రాయాలని ఆమెకి తట్టనే లేదు.

బసల ఆఫీసంటే హైస్కూలు ఆవరణలో వేసిన రేకుల షెడ్డు. గుమాస్తా గోపాలకృష్ణమూర్తి గారు తల ఎత్తకుండా చెయ్యి మాత్రం చాచి, వచ్చిన ప్రతి ఫారమూ అందుకుంటున్నారు. లోవలక్ష్మి ఫారం కూడా అలాగే అందుకున్నారు. ఒక్క క్షణం తర్వాత తల లేచింది. కళ్ళజోడు కూడా లేచింది.

"మూడు వందలా?"

"అవునండి."

"మీదేనా?"

"మా తాతగారి నాటిదండి."

"ముప్పై ఎనిమిదిలో కట్టిందా! ఇప్పటికీ గట్టిగానే ఉందా అమ్మా?"

"అంతా టేకేనండి."

"అంతా టేకే!" గోపాలకృష్ణమూర్తి గారు పక్క బల్ల దగ్గర ఒకాయన్ని లేపి ఆ కుర్చీ ఇటు జరిపించారు. "కూర్చోండి, నిలబడ్డారేంటి. ఏదైనా సత్రమా అండి, సొంతమా?"

"సొంతమేనండి."

"ఘాటుకి ఎంత దూరం?"

"దూరమేం లేదండి. రేవు పక్కనే."

ఆయన ఆ ఫారాన్ని మిగిలిన వాటి కింద పెట్టకుండా విడిగా పెట్టి, పైన ఎర్ర సిరాతో ముఖ్యము అని రాసి, కింద గీత కూడా గీశారు. ఆఫీసరు గారే స్వయంగా శుక్రవారం వస్తారన్నారు. ఇదంతా తన ఇంజనీరింగు డ్రాయింగు అక్షరాలు చూసి పుట్టిన గౌరవమని లోవలక్ష్మి నమ్మింది. ఇంటిదాకా ఆ నమ్మకంతోనే నడిచింది.

శుక్రవారం పొద్దున్నే రత్తమ్మ పడవని కడిగించింది. ముందు కొసకి పసుపు రాసి బొట్లు పెట్టింది. పల్లంరాజు ఆ రోజు ఇసుక పనికి వెళ్ళలేదు. వెళ్ళలేదని ఎవరూ అనకుండా, ఒక మూల కూర్చుని పాత తాడు పేనుతున్నట్టు కనిపించాడు. అదే సమయానికి వెంకటరత్నం గారు కూడా తయారయ్యారు, చేతిలో కొలత టేపుతో.

"చెక్క ఎంతొస్తుందో ఓసారి చూసుకుందామని వచ్చాను పల్లంరాజూ. ఏంటీ హడావిడి? పెళ్ళిచూపులా?"

"ఆయ్, పెళ్ళిచూపులేనండి," అంది రత్తమ్మ. "పడవకి."

గట్టు మీద జీపు ఆగింది. ముందు గోపాలకృష్ణమూర్తి గారు రిజిస్టరు చంకన పెట్టుకుని దిగారు. వెనక ఆఫీసరు జీవరాజు గారు. సన్నగా, పొడుగ్గా, రోజూ కంతల గదులూ పాకుడు మరుగుదొడ్లూ చూసి చూసి విసిగిపోయిన మొహంతో ఉన్నారు. ఆ వెనక టేపులు పట్టుకుని ఇద్దరు మనుషులు. మూడొందల మంది దిగే చోటు కొలవాలంటే మరి మనుషులు కావాలి కదా.

అందరూ గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశారు. ఒక కిళ్ళీ బడ్డీ ఉంది. ఆరేసిన వలలు ఉన్నాయి. ఎత్తుగా ఏమీ లేదు.

"శ్రీ లక్ష్మీనరసింహ ఎక్కడమ్మా?" అని రత్తమ్మని అడిగారు గుమాస్తా గారు.

"ఇదేనండి బాబూ. రండి, గట్టుకి వేసిన బల్ల మీద నుంచి జాగర్తగా రండి. చెప్పులు అక్కడ విడిచేయండి."

"ఇది పడవ!"

"అవునండి."

జీవరాజు గారు చెయ్యి చాచి ఫారం తీసుకున్నారు. చదివారు. పడవని చూశారు. మళ్ళీ చదివారు.

"ఇందులో మూడొందల మంది పడుకుంటారా?"

"మనుషులేంటండీ!" రత్తమ్మ ఆశ్చర్యపోయింది. "బస్తాలు."

లోవలక్ష్మికి అప్పుడు తెలిసింది. రెండు సున్నాలూ కళ్ళ ముందు గుండ్రంగా తిరిగాయి. వెంకటరత్నం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "బస్తాలట! బస్తాలకి పుష్కర స్నానమట! ఏం పల్లంరాజూ, మీ అమ్మాయిని కాకినాడ పంపి చదివించింది ఇందుకేనా?"

గోపాలకృష్ణమూర్తి గారికి నవ్వు రాలేదు. ఎర్ర సిరా ఆయనది.

"తప్పుడు వివరాలు సార్. రద్దు చేసేద్దాం."

జీవరాజు గారు జేబులోంచి పెన్ను తీశారు. పల్లంరాజు చేతిలో తాడు ఆగిపోయింది. ఆయన తలెత్తి కూతుర్ని చూశాడు. కోపంగా కాదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

"సార్," అంది లోవలక్ష్మి. ఒక అడుగు ముందుకేసి మళ్ళీ అంది. "సార్, తప్పు నాదేనండి. అంకె పక్కన కొలత రాయలేదు. మా ఇంట్లో పడవలన్నీ బస్తాల్లోనే చెప్పుకుంటాం. మీరు కొట్టేసే ముందు ఐదు నిమిషాలు ఇవ్వండి, కొలిచి రాసిస్తాను."

"నువ్వు కొలుస్తావా?"

"సివిల్ డిప్లొమా అండి."

ఆయన పెన్ను మూత పెట్టలేదు గానీ, గడియారం చూసుకున్నారు.

లోవలక్ష్మి వెంకటరత్నం గారి ముందుకి వెళ్ళి చెయ్యి చాచింది. "ఆ టేపు ఇలా ఇవ్వండి బాబాయి గారూ. మీరు కొలిచేది కూడా ఇదే కదా." ఆఫీసరు చూస్తుండగా కాదనలేక ఆయన ఇచ్చేశారు. తల్లి ఒక కొస పట్టుకుంది. నేల పొడవు నలభై అడుగులు. వెడల్పు చోటుకో రకంగా ఉంది కాబట్టి మూడు చోట్ల కొలిచి సగటు తీసింది. తొమ్మిది అడుగులు. మూడు వందల అరవై చదరపు అడుగులు. ఫారం వెనక అచ్చేసిన లెక్క ప్రకారం మనిషికి ముప్పై.

"పన్నెండు మందండి," అంది.

"పన్నెండా!" రత్తమ్మ టేపు వదిలేసింది. "నా పెళ్ళికి ఇందులో డెబ్బై మంది వచ్చారే! దారిలో భోజనాలు కూడా పెట్టాం!"

"అమ్మా, నువ్వుండు."

జీవరాజు గారి పెదవి చివర ఏదో కదిలింది. మూడొందలు కొట్టేసి పన్నెండు మంది అని రాసి, పక్కన లోవలక్ష్మి చేత సంతకం చేయించారు. తర్వాత చెప్పులు విడిచి పడవెక్కారు. మిగిలిన కాలమ్‌లు మొదలయ్యాయి.

"వంట?"

"వెనక కొసన, మట్టి మెత్తిన పెట్టెలోనండి," అంది రత్తమ్మ. "నిప్పు కప్పు కిందికి రాదు."

"మరుగుదొడ్డి?"

"గట్టు మీద మీరు కట్టిస్తున్నారు కదండీ. ఇక్కడికి ముప్పై ఆరు అడుగులు," అంది లోవలక్ష్మి. ఈసారి అడుగులు అని గట్టిగా పలికింది.

"నీచు వాసన సంగతి కూడా అడగండి సార్," అని గట్టు మీంచి వెంకటరత్నం గారు అందించారు. "పుణ్యానికి వచ్చేవాళ్ళు వీళ్ళ పడవలో ఎలా పడుకుంటారండీ?"

రత్తమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "షావుకారు గారూ, పక్కన కట్టినవి చేపల పడవలు. ఇది బియ్యం పడవ. కట్టిన రోజు నుంచీ దీనిమీదికి చేప పిల్ల ఎక్కలేదు. మీ నాన్నగారి కొట్టుకి బియ్యం తెచ్చింది కూడా ఇదే. అప్పుడు మీ అన్నం వాసన కొట్టిందా?"

జీవరాజు గారు మోకాళ్ళ మీద కూర్చుని నేల చెక్కకి ముక్కు ఆనించి చూశారు. ఉద్యోగమంటే ఉద్యోగమే. లేచి, "బియ్యమే," అన్నారు.

తొమ్మిదో కాలమ్ దగ్గర మాత్రం ఆగిపోయారు. వరద మట్టం కన్నా నేల ఎంత ఎత్తున ఉంది? పుష్కరాలొచ్చేది గోదావరి ఎర్రగా పొంగే రోజుల్లో. గట్టు కింద వీధుల్లో ఆయన ఎన్నో ఇళ్ళు ఈ కాలమ్ దగ్గరే కొట్టేశారని ఊరంతా చెప్పుకుంటోంది.

"ఇక్కడేం రాయను?" అన్నారు, ఎవరినీ అడగనట్టుగా.

లోవలక్ష్మి పడవ అంచు మీద నుంచి వంగి, టేపు నీళ్ళలోకి వదిలి చూసింది. "ఒకటిన్నర అడుగండి."

"ఈ రోజు సంగతి కాదమ్మా. వరదొస్తే?"

"ఒకటిన్నర అడుగేనండి."

"పెద్ద వరదొస్తే?"

"అప్పుడూ ఒకటిన్నరేనండి. నీళ్ళు ఎంత లేస్తే నేల అంత లేస్తుంది. రాజమండ్రిలో ఇలా రాయగల ఇల్లు ఇంకోటి ఉందా సార్?"

గోపాలకృష్ణమూర్తి గారు రిజిస్టరు తిరగేసి, వెనక్కి తిరగేసి, "లేదు సార్," అన్నారు. చెప్పాలని లేకపోయినా చెప్పారు.

"లేచినంతసేపు బాగానే ఉంటుంది," అన్నారు జీవరాజు గారు. ఆయన నవ్వడం లేదు. "రాత్రిపూట వరద తోసుకొస్తుంది. తాడు తెగింది. లోపల పన్నెండు మంది, ముసలివాళ్ళు, పిల్లలు. అప్పుడు నేనెవర్ని అడగాలి? ఈ అమ్మాయి లెక్క బాగుంది. లెక్క పడవని పట్టుకుంటుందా?"

లోవలక్ష్మీ రత్తమ్మా పల్లంరాజు వైపు చూశారు. అది వాళ్ళిద్దరూ చెప్పవలసిన జవాబు కాదు.

తాడు పక్కన పెట్టి పల్లంరాజు లేచాడు. మూడేళ్ళుగా వంగి ఉన్న మనిషి నిటారుగా నిలబడితే కప్పు ఆయనకి తక్కువైంది.

"నన్నడగండి," అన్నాడు.

"మీరెవరు?"

"ఈ పడవ సరంగునండి." ఆ మాట అన్నాక కొద్దిగా ఆగాడు, ఎవరైనా కాదంటారేమోనని. ఎవరూ అనలేదు. "రెండు లంగర్లు ముందు, ఒకటి వెనక. గట్టు మీద దుంగకి రెండు తాళ్ళు, ఒకదానికొకటి సంబంధం లేకుండా. నీరు పెరిగే కొద్దీ తాడు వదలాలి, తగ్గే కొద్దీ లాగాలి. బిగించి కట్టేసి నిద్రపోతేనే తెగుతుందండి. నేను నిద్రపోను. యాభై మూడు వరదలో మా నాన్న దీంట్లోనే లంకల్లోంచి జనాన్ని తెచ్చాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, తాడు నా చేతిలోనే ఉంది. ఒక్క మనిషి జారలేదు. ఒక మేక జారింది. దాన్ని కూడా పట్టుకున్నాం."

"పన్నెండు రోజులూ నిద్రపోరా?"

"పగలు మా ఆవిడ చూస్తుందండి. తాడు పట్టడం నాకన్నా బాగా వచ్చు."

రత్తమ్మ గోదావరి వైపు తిరిగిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నలుగురిలో ఆయన నోట ఆ మాట వినడం ఆమెకి అదే మొదటిసారి.

"రాసిస్తారా?" అన్నారు జీవరాజు గారు.

"ఇవ్వండి."

పూచీ కాయితం మీద పల్లంరాజు ఒక్కొక్క అక్షరమే ఒత్తి ఒత్తి సంతకం పెట్టాడు. పేరు కింద, ఎవరూ అడగకుండానే, సరంగు అని రాశాడు. పెన్ను తిరిగిచ్చి గట్టు వైపు చూశాడు.

"షావుకారు గారూ, పడవ ఇవ్వటం లేదండి. ఏమీ అనుకోకండి."

"మాటిచ్చావు పల్లంరాజూ!"

"నంబరొస్తే ఉంచుతానని ఇంట్లో అంతకన్నా ముందే మాట ఇచ్చానండి," అన్నాడు. అది నిజం కాదు. రెండు మాటల్లో ఏది ముందో లోవలక్ష్మికి తెలుసు, రత్తమ్మకి తెలుసు, షావుకారు గారికి బాగా తెలుసు. కానీ సరంగు తన పడవ మీద నిలబడి చెప్పాడు. లోవలక్ష్మి తిరిగిచ్చిన టేపు చుట్టుకోవడానికి షావుకారు గారు కొంచెం సమయం తీసుకున్నారు. "నాకూ డిపోలో చోటు లేదులే," అని వెళ్ళిపోయారు.

రిజిస్టరులో నూటపదిహేడో వరసలో గోపాలకృష్ణమూర్తి గారు ఇంకా తంటాలు పడుతూనే ఉన్నారు. "సార్, కట్టడం రకం అని ఒక గడి ఉందండి. డాబా, పెంకు, తాటాకు. మూడే అచ్చువేశారు."

"నాలుగోది రాయండి."

"ఏమని సార్?"

జీవరాజు గారు చెప్పులు తొడుక్కుంటూ, "చూస్తున్నది రాయండి," అన్నారు. గుమాస్తా గారు కాసేపు ఆలోచించి, నల్ల సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. తేలేది.

నంబరు రేకు తీసుకొచ్చిన మనిషి ముందు కొస మీద మేకు పెట్టి సుత్తి ఎత్తబోతే రత్తమ్మ పెట్టిన కేకకి సుత్తి నీళ్ళలో పడింది. పసుపు రాసిన చోట ఇనుము దించడమేంటి? ఆఖరికి రేకుని తాడుతో తెరచాప స్తంభానికి కట్టారు. వంతెన మీంచి చూసినా కనపడేంత ఎత్తున. ఎంత ఎత్తున కట్టాలో చెప్పింది పల్లంరాజు. ఇంకా పైకి, ఇంకా పైకి అని మూడుసార్లు కట్టించాడు.

పుష్కరాల మొదటి రోజు సాయంత్రం తొమ్మిదిమంది దిగారు. విజయనగరం వైపు నుంచి ఒక కుటుంబం. అందులో సంపూర్ణమ్మ అని ఒక ముసలావిడ బల్ల దాటడానికి భయపడి గట్టు మీదే కూలబడింది. కొడుకులు బతిమాలారు. కోడళ్ళు విసుక్కున్నారు. పల్లంరాజు దిగి వచ్చి చెయ్యి ఇచ్చాడు.

"పడిపోతే ఎవరిది నాయనా పూచీ?" అంది ఆవిడ.

"నాదండి. రాసిచ్చాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని, చంటిపిల్లలా అడుగులు వేసుకుంటూ నీటి మీదుగా నడిచి వచ్చింది. పడవ కొంచెం ఊగి నిలబడింది. వెనక కొసన పొయ్యి దగ్గర కూర్చున్న లోవలక్ష్మి ఎవరూ అడగకపోయినా మనసులో లెక్క రాసుకుంది. తొమ్మిది. పక్కన, మనుషులు.

ఆ పన్నెండు రోజులూ మీ ఇంట్లో ఎవరు దిగారు? మీరే ఎక్కడికైనా వెళ్ళి ఎవరింట్లోనైనా దిగారా? మీ గుమ్మానికి నంబరు రేకు కట్టారా, రద్దు చేశారా? చేస్తే ఏ కాలమ్ దగ్గర? సిగ్గుపడకుండా రాయండి. నేను పడాల్సిన సిగ్గు ముందే పడిపోయాను.